అచ్చు ఒకటే, పోకడ వేరు

నా సంచిలో ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు డిస్కులున్నాయి. రెండింటి మీదా ఒకే పేరు, ఆ పేరు కింద అవే నాలుగు అంకెలు. తూకం వేస్తే ఒకటి రెండు గ్రాముల తేడా కూడా ఉండదు. ఒకటి మామూలు చవక ప్లాస్టిక్‌తో పోసింది. రెండోది అవతలి వెలుగు కనిపించేంత పారదర్శకమైన, గట్టి, ఖరీదైన ప్లాస్టిక్‌తో పోసింది. గాలి కదలని ఉదయం పూట, ఒకే చేత్తో, ఒకే ఊపుతో రెండింటినీ విసిరితే మొదటిది కాస్త కుడికి ఒరిగి, ఆ ఒరుగుడులోనే చాలాసేపు తేలి, నిదానంగా దిగుతుంది. రెండోది సూటిగా దూసుకుపోయి, వేగం తగ్గగానే ఎడమకు మళ్లి, నేలను గట్టిగా తాకి ఆగుతుంది. ఒకటి కాలిబాటకు ఇవతల ఉంటే మరొకటి అవతల ఉంటుంది.

చెయ్యి ఒకటే, గాలి ఒకటే, ఆకారం ఒకటే. మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది? డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లెవరినైనా అడగండి, ఒక్క మాటలో చెబుతారు: ప్లాస్టిక్. ఆ జవాబు నిజమే. కానీ దాని లోపలికి వెళ్లినకొద్దీ నాకు ఆటకన్నా పెద్ద విషయం కనిపించింది. వస్తువును మనం దాని ఆకారంతో, పేరుతో గుర్తుపడతాం. దేంతో చేశారన్నది ధర విషయమో, మన్నిక విషయమో అనుకుని పక్కన పెడతాం. ఈ డిస్కులు నాకు వేరే సంగతి నేర్పాయి. ఆకారాన్ని గీసేది మనిషి. దాన్ని ఒప్పుకునేదీ, సవరించేదీ, చివరికి మార్చేసేదీ పదార్థం.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. గోల్ఫ్‌లో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు. డిస్క్ గోల్ఫ్‌లో డిస్కును విసురుతూ విసురుతూ వెళ్లి, చివరికి గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడేలా వేస్తారు. ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్లు గెలిచినట్టు. ఫ్రెడ్ మోరిసన్ తయారుచేసిన ప్లాస్టిక్ పళ్లేన్ని 1957లో వామ్-ఓ కంపెనీ తీసుకుని ఫ్రిస్బీగా అమ్మింది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని పైభాగాన వలయాల్లాంటి గీతలు చేర్చి, అది నిలకడగా ఎగిరేలా చేసి, 1967లో పేటెంటు పొందాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వచ్చింది కూడా ఆయన చొరవతోనే. గొలుసుల బుట్ట ఆలోచన ఆయనదే. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను మొదలుపెట్టిందీ ఆయనే.

నేనుండే షార్లెట్ నగరం ఈ ఆటకు పుట్టిల్లు కాదు గానీ మెట్టినిల్లు అనవచ్చు. హార్నెట్స్ నెస్ట్ పార్కులోనో, రెనసాన్స్ పార్కులోనో పైన్ చెట్ల మధ్య గొలుసులు గలగలమనే చప్పుడు ఏ వేళప్పుడైనా వినిపిస్తుంది. దక్షిణంగా 40 కిలోమీటర్లు వెళితే రాక్ హిల్. అక్కడి వింత్రప్ విశ్వవిద్యాలయం ఆవరణలో 1999 నుంచి అమెరికా డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. ఈ ప్రాంతంలో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడకకు పార్కుకి వస్తారు, చెట్ల మధ్య గొలుసుల బుట్ట చూసి ఆగిపోతారు, ఇదేమిటని అడుగుతారు. మా నాన్న కూడా అలాగే అడిగాడు. ఆయన సంగతి తరవాత చెబుతాను, ఎందుకంటే ప్లాస్టిక్ గురించి నేను చదివినదంతా ఆయన ఒక్క మాటతో నాకు అర్థమయ్యేలా చేశాడు.

ముందు డిస్కు ఎందుకు వంకరపోతుందో చూద్దాం. కుడిచేతి వాళ్లు డిస్కును వెనక్కి తీసుకెళ్లి ఛాతీ మీదుగా లాగి విసిరితే, పైనుంచి చూసినప్పుడు అది గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. ముందుకు పోతున్న డిస్కును గాలి పైకి నెడుతుంది. ఆ బలం సరిగ్గా డిస్కు నడిమధ్యన పనిచేస్తే అది ఎటూ ఒరగదు. కానీ ఆ బలం ఒకచోట నిలవదు. డిస్కు మంచి వేగంతో, ముక్కు లేవకుండా, సమతలంగా పోతున్నప్పుడు నడిమికి కాస్త వెనకగా పడుతుంది. వేగం తగ్గి దిగుతున్నప్పుడు గాలి అడుగు భాగానికి ఎక్కువగా తగులుతుంది, బలం ముందుకు జరుగుతుంది. తిరగని పళ్లెమైతే ఇంతకే తలకిందులవుతుంది. తిరిగే వస్తువు తీరు వేరు. దాని మీద ఒకచోట బలం పడితే, ఆ ఫలితం తిరిగే దిశలో 90 డిగ్రీల అవతల కనిపిస్తుంది. వెనక పడ్డ బలం ఎడమ అంచును లేపుతుంది, డిస్కు కుడికి ఒరుగుతుంది. ముందు పడ్డ బలం కుడి అంచును లేపుతుంది, డిస్కు ఎడమకు వాలుతుంది. మొదటిదాన్ని ఆటలో టర్న్ అంటారు, రెండోదాన్ని ఫేడ్ అంటారు. కుడికి ఒరగడానికి మొండికేసి చివర్లో గట్టిగా ఎడమకు పోయే డిస్కు ఓవర్‌స్టేబుల్. సులువుగా కుడికి ఒరిగిపోయేది అండర్‌స్టేబుల్. ఎడమచేతి వాళ్లకు ఇదంతా అటుదిటు.

డిస్కు మీద అచ్చువేసే నాలుగు అంకెలు దీన్నే చెబుతాయి. ఇన్నోవా కంపెనీ వాడే పద్ధతిలో అవి వేగం, గ్లైడ్ (అంటే గాలిలో తేలే గుణం), టర్న్, ఫేడ్. ఆ కంపెనీ డెస్ట్రాయర్ అనే డ్రైవర్‌కు (అంటే దూరం విసరడానికి వాడే డిస్కుకు) 12, 5, మైనస్ 1, 3 అని ఉంటుంది. లెపర్డ్‌కు 6, 5, మైనస్ 2, 1. అంటే డెస్ట్రాయర్‌కు చాలా వేగం కావాలి, చివర్లో గట్టిగా ఎడమకు పోతుంది. లెపర్డ్ తక్కువ వేగానికే లొంగుతుంది, తేలిగ్గా కుడికి ఒరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ అంకెలు గొప్ప ఆసరా. దుకాణంలో వందల డిస్కుల ముందు నిలబడ్డప్పుడు అవే దారి చూపిస్తాయి.

కానీ ఆ అంకెలు అచ్చుకు ఇచ్చినవి. ఆ అచ్చులో ఏ ప్లాస్టిక్ పోసినా మామూలుగా అవే అంకెలు వేస్తారు. డెస్ట్రాయర్ అంటే 12, 5, మైనస్ 1, 3. అది ఇన్నోవా వాళ్ల చాంపియన్ ప్లాస్టిక్ కావచ్చు, స్టార్ కావచ్చు, డీఎక్స్ కావచ్చు. ఆడేవాళ్లకు మాత్రం అవి ఒకే ఇంటిపేరున్న మూడు వేరువేరు మనుషులు. పారదర్శకంగా, గట్టిగా ఉండే చాంపియన్ సాధారణంగా ఎక్కువ ఓవర్‌స్టేబుల్. పట్టుకు మెత్తగా, వెలుగు చొరకుండా ఉండే స్టార్ కాస్త సడలింపు ఇస్తుంది. చవకైన డీఎక్స్ మొదటినుంచే మెతక, దెబ్బలు తిన్నకొద్దీ ఇంకా మెతకబడుతుంది. వేరే కంపెనీల్లోనూ ఇదే వరస, పేర్లే వేరు. డిస్‌క్రాఫ్ట్‌లో పారదర్శకమైనది జడ్, పట్టు దొరికేది ఈఎస్‌పీ. స్వీడన్‌లోని లాటిట్యూడ్ 64లో పారదర్శకమైనది ఓప్టో, దాని పక్కన గోల్డ్.

అచ్చు ఒకటే అయినప్పుడు ఇదంతా ఎందుకు జరుగుతుంది? జవాబు అచ్చు లోపల లేదు. అచ్చులోంచి బయటికి తీసిన తరవాత జరిగేదానిలో ఉంది.

ప్లాస్టిక్ గుళికలను కరిగించి, ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో నెడతారు. కొద్దిసేపటికి అచ్చు తెరుచుకుంటుంది, డిస్కు బయటికి వస్తుంది. అప్పటికి దానికి ఆకారం వచ్చింది గానీ స్థిరపడలేదు. ఇంకా వెచ్చగా ఉంది. బల్ల మీద చల్లారుతూ కుంచించుకుపోతుంది. డిస్కు నడుమ పలచగా ఉంటుంది, అంచు మందంగా ఉంటుంది. పలచని భాగం త్వరగా చల్లారుతుంది, మందపాటి అంచు ఆలస్యంగా చల్లారుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడులో నడిమి భాగం గుమ్మటంలా పైకి లేస్తే లేస్తుంది, లేదంటే చదునుగా ఉండిపోతుంది. ఒక్కో ప్లాస్టిక్ కుంచించుకునే లెక్క వేరు. అందుకే ఒకే అచ్చులో పోసిన రెండు ప్లాస్టిక్‌లు రెండు వేరు ఆకారాలుగా ఆరతాయి. కంటికి ఆ తేడా ఆనదు. గాలికి ఆనుతుంది.

ఇందులో అన్నిటికన్నా సున్నితమైన చోటు అంచు. అచ్చు రెండు భాగాలు కలిసే చోట డిస్కు అంచు చుట్టూ ఒక సన్నని గీత మిగులుతుంది. ఆ గీత నేలకు ఎంత ఎత్తులో ఉందో చూసి, ఆ డిస్కు పోకడను చాలావరకు చెప్పవచ్చు. గీత ఎత్తుగా ఉంటే ఓవర్‌స్టేబుల్ వైపు మొగ్గుతుంది, కిందికి ఉంటే కుడికి ఒరగడం సులువవుతుంది. డిస్కును బల్ల మీద పెట్టి, కళ్లు ఆ మట్టానికి వంచి చూసే ఆటగాళ్లను ఏ దుకాణంలోనైనా చూడవచ్చు. మిల్లీమీటరులో కొంత భాగం తేడా, అది కూడా చల్లారేటప్పుడు వచ్చిన తేడా, చేతిలోంచి వెళ్లాక మీటర్లకు మీటర్లు పెరుగుతుంది. 1983లో డేవ్ డునిపేస్ గోల్ఫ్ డిస్కు అంచును ఏటవాలుగా చెక్కినట్టు చేసినప్పటినుంచీ ఈ ఆట దూరం మారిపోయింది. గాలిని కోసే ఆ పదును ఎంత గొప్పదో, అంతే సున్నితమైనది. డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 2016లో నెవాడా ఎడారిలో వెనక గాలి తోడుగా 338 మీటర్ల దూరం విసిరాడు. డిస్కు అంత దూరం పోగలిగే కాలంలో అంచులో తేడా మరింత పెద్దదవుతుంది.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. ప్రకాశం జిల్లాలో ఆయన పెరిగిన ఇంటి వెనకే కుమ్మరి వీధి. మా దగ్గరికి వచ్చినప్పుడు, నేను ఆడుతుంటే ఒక బెంచీ మీద కూర్చుని చూసేవాడు. ఒకరోజు రెండు డిస్కులనూ తీసుకుని వేళ్లతో అంచు తడిమి, నడుమ నొక్కి చూసి, "రెండూ ఒకే అచ్చువేనా తల్లీ?" అన్నాడు.

"ఒకటే నాన్నా. ప్లాస్టిక్ వేరు. చల్లారేటప్పుడు ఒక్కోటి ఒక్కోలా కుంచించుకుంటుంది" అన్నాను.

"కుంచించుకోవా మరి? మా వీధి కుమ్మరాయన తడి కుండ చూసి, అది ఆరాక ఎంతవుతుందో చెప్పేవాడు. చెరువు మట్టి అయితే ఇంత, వాగు ఒడ్డు మట్టి అయితే ఇంత అని. సారె మీద ఆయన చేసేది అసలు కుండ కాదు. ఆవం లోంచి బయటికి వచ్చేదే అసలు కుండ. దానికి తగ్గట్టు ముందే పెద్దగా చేసేవాడు."

ప్లాస్టిక్ గుళికల శాస్త్రం మీద నేను చదివిన పేజీలన్నిటికన్నా ఆ మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. మంచి అచ్చు తయారుచేసేవాడికి తెలిసిందీ, ఆ కుమ్మరికి తెలిసిందీ ఒకటే: చేతిలో ఉన్న ఆకారం చివరి ఆకారం కాదు. పదార్థం తన వంతు పని ఇంకా చెయ్యాలి. ఆ పని ఎలా చేస్తుందో తెలుసుకుని, దానికి చోటిచ్చి, దానితో ఒప్పందం చేసుకున్నవాడే పనిమంతుడు. అదే అచ్చుతో కొన్ని నెలల తరవాత మళ్లీ పోసినా గుమ్మటం ఎత్తు మారుతుంది. అందుకే ఫలానా విడతలో వచ్చినవి చదునుగా ఉన్నాయని, ఫలానా విడతవి ఉబ్బెత్తుగా ఉన్నాయని ఆటగాళ్లు వెతుక్కుంటూ ఉంటారు. ఉబ్బెత్తుగా ఉన్నవి ఎక్కువసేపు తేలతాయి. చదునైనవి గాలికి ఎదురు నిలుస్తాయి.

ప్లాస్టిక్ పని ఆకారంతోనే ఆగదు. డిస్కు ఎగరడం చేతిలోంచి బయటపడే క్షణంలోనే సగం తేలిపోతుంది. ఆ క్షణంలో వేళ్లకు అది ఎంత పట్టు ఇచ్చిందో, అంత గిరగిరా తిరుగుతుంది. గిరగిరా తిరిగినకొద్దీ ఒరగకుండా నిలబడుతుంది. జిగురుగా, మెత్తగా ఉండే ప్లాస్టిక్ వానరోజున కూడా వేళ్లను వదలదు. పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ వానలో చేతిలోంచి కాస్త ముందే జారిపోతుంది, దాంతో దారి మారిపోతుంది. ఫిన్లాండ్ ఈ ఆటను జాతీయ వినోదంగా చేసుకున్న దేశం. అక్కడ చలికాలంలో మంచులోనూ ఆడతారు. చలికి ప్లాస్టిక్ బిగుసుకుంటుంది, పట్టు తగ్గుతుంది, చెట్టుకు తగిలితే విరిగే ప్రమాదం కూడా ఉంటుంది. అలాంటి వాతావరణానికి మెత్తని రకాలు నప్పుతాయి. పగలు తక్కువగా ఉండే ఆ ఊళ్లలో చీకట్లో వెలిగే ప్లాస్టిక్‌ను కూడా ఇష్టపడతారు. అందులో కలిపిన వెలుగు పొడి వల్ల అది గట్టిబడి, మామూలు రకంకన్నా కాస్త ఎక్కువ ఓవర్‌స్టేబుల్‌గా పోతుందని ఆడేవాళ్ల అనుభవం. ప్లాస్టిక్‌లో సన్నని గాలి బుడగలు నింపి తేలిక చేసిన డిస్కులు కూడా ఉన్నాయి. అవి బలం తక్కువున్న చేతులకు దూరాన్ని ఇస్తాయి.

నియమాలు రాసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. డిస్కు వ్యాసంలో ఒక్కో సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించి బరువు ఉండకూడదు. మొత్తం 200 గ్రాములు దాటకూడదు. వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు, అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లకు మించకూడదు. ఇవన్నీ ఆకారానికి పెట్టిన హద్దులు. వీటితోపాటు, ఒక మేరకు ఒత్తిడి పెడితే డిస్కు వంగాలన్న నియమం కూడా ఉంది. మరీ బండగా ఉన్నది మనిషికి తగిలితే ప్రమాదం కాబట్టి. అది పదార్థాన్ని పరీక్షించే నియమం. అంతకుమించి పదార్థానికి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛలోనే ఆట వైవిధ్యం పుట్టింది. ఎంవీపీ అనే కంపెనీ ఇంకొక అడుగు వేసింది. ఒకే డిస్కులో రెండు రకాల ప్లాస్టిక్‌లు వాడి, బయటి అంచుకు బరువైన రకం పెట్టి, బరువును వెలుపలికి నెట్టింది. వెలుపల బరువు ఉంటే తిరుగుడు ఎక్కువసేపు నిలుస్తుంది. దాని సోదర సంస్థ ఆక్సియమ్ వాళ్ల ఎన్వీ అలాంటి డిస్కే. 2021 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో, చివరి రౌండు చివరి హోల్‌లో (ఒక్కో బుట్టదాకా సాగే ఆటను హోల్ అంటారు) జేమ్స్ కాన్రాడ్ సుమారు 75 మీటర్ల దూరం నుంచి ఎన్వీని విసిరి నేరుగా బుట్టలో వేశాడు. ఆ ఒక్క విసురుతో, అప్పటిదాకా ముందున్న పాల్ మెక్‌బెత్‌తో సమమై, తరవాత అదనపు హోల్‌లో గెలిచాడు. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నేను ఆ చేతిని మెచ్చుకుంటాను. ఆ చేతి మాట విని, చివరిదాకా నిలకడగా ప్రయాణించిన ఆ రెండు పదార్థాలను కూడా మెచ్చుకుంటాను.

ఇక్కడిదాకా చెప్పింది డిస్కు కొత్తగా ఉన్నప్పటి కథ. నన్ను నిజంగా కట్టిపడేసింది దాని వయసు కథ.

డిస్కు చెట్టుకు తగులుతుంది, రాళ్ల మీద పడుతుంది, తారురోడ్డు మీద జారుతుంది. ఖరీదైన ప్లాస్టిక్ వీటిని చాలాకాలం పట్టించుకోదు. ఏడాది తరవాత విసిరినా దాదాపు కొన్న రోజున పోయినట్టే పోతుంది. చవక ప్లాస్టిక్ ప్రతి దెబ్బనూ గుర్తుపెట్టుకుంటుంది. అంచు కాస్త కిందికి వంగుతుంది, పదును మొద్దుబారుతుంది, ఆ గీత దిగిపోతుంది. దానితోపాటు పోకడ కూడా మారుతుంది. మొదట్లో ఎడమకు గట్టిగా పోయేది కొన్ని నెలలకు సూటిగా పోతుంది. ఇంకొన్నాళ్లకు కుడికి ఒరిగి, అదే ఒరుగుడులో దిగుతుంది. దీన్ని చవక సరుకు లోపమనే మొదట ఎవరైనా అనుకుంటారు.

ఆటలో మహామహులు అలా అనుకోలేదు. ఇన్నోవా వాళ్ల రాక్ అనే మిడ్‌రేంజ్ (మధ్య దూరాలకు వాడే) డిస్కు 1980ల నుంచీ ఉంది. దాన్ని చవక ప్లాస్టిక్‌లోనే కొని, కొత్తది ఒకటి, కొంత నలిగినది ఒకటి, బాగా అరిగినది ఒకటి సంచిలో పెట్టుకోవడం పాత ఆటగాళ్ల అలవాటు. ఎడమకు పోవాల్సినచోట కొత్తది, సన్నని దారిలో సూటిగా పోవాల్సినచోట నలిగినది, కుడికి మళ్లాల్సినచోట అరిగినది. చేతికి మూడూ ఒకేలా ఉంటాయి, పట్టు మారదు, ఊపు మారదు. గాలిలో మాత్రం మూడు దారులు. కొత్తది నలిగితే మధ్యదాని చోటికి వస్తుంది, మధ్యది అరిగితే మూడోదాని చోటికి వస్తుంది, ఇంకో కొత్తది మొదటి చోటు తీసుకుంటుంది. దీన్ని సైక్లింగ్ అంటారు. 12 సార్లు ప్రపంచ చాంపియన్ అయిన కెన్ క్లైమో, అందులోనూ 1990 నుంచి 1998 దాకా వరసగా 9 సార్లు గెలిచిన కెన్ క్లైమో, రాక్ డిస్కుతో ముడిపడిన పేరు. ఆయన పేరులోని మొదటి అక్షరాలతోనే కేసీ ప్రో అనే ప్లాస్టిక్ వచ్చింది.

ఈ సైక్లింగ్ గురించి తెలిసినప్పుడు మన్నిక మీద నాకున్న నమ్మకం కదిలింది. వస్తువు మారకుండా ఉండటమే గొప్ప అని మార్కెట్ మనకు రోజూ చెబుతుంది. ఎక్కువ ధర పెడితే తక్కువ మారుతుంది, కాబట్టి అదే మేలు అంటుంది. అది కొన్ని పనులకు నిజం. ఎదురుగాలి ఉన్న రోజున, నీళ్ల పక్కనుంచి విసరాల్సినప్పుడు, నాకు మారని డిస్కు కావాలి. నిన్న ఎలా పోయిందో ఈరోజూ అలాగే పోయేది కావాలి. కానీ మారేది కూడా కావాలి. మారే డిస్కు ఒక్కటి కొంటే, దానితో కలిసి గడిపితే, అది మూడు డిస్కులై ఎదుగుతుంది. దాని మార్పుకు దారి ఉంది, వరస ఉంది. ఎటు మారుతుందో ముందే తెలుసు. ఎంత మారిందో మాత్రం విసిరి చూసే తెలుసుకోవాలి. మారనిదాన్ని ఒకసారి నేర్చుకుంటే చాలు. మారేదాన్ని నేర్చుకుంటూనే ఉండాలి. నా చేతికి ఎక్కువ విద్య నేర్పింది రెండోదే.

ఇది దుకాణంలో దొరకదు కూడా. కొత్త డిస్కు ఎవరైనా కొనుక్కోవచ్చు. సరిగ్గా నలిగిన రాక్‌ను ఎవరూ తయారుచేసి అమ్మలేరు. దాన్ని పార్కులు, చెట్లు, రాళ్లు, ఒక చెయ్యి కలిసి తయారుచేయాలి. ఆడేవాళ్లు డిస్కు వెనక తమ పేరూ ఫోను నంబరూ రాసుకుంటారు. పోయినప్పుడు ఎవరికో దొరికి, వాళ్లు ఫోన్ చేసి తిరిగిస్తే కలిగే సంతోషం ధరకు సంబంధించింది కాదు. చవక ప్లాస్టిక్ ముక్కే అయినా, దానిలో ఉన్న కాలం మళ్లీ కొనలేనిది.

ప్లాస్టిక్ గురించి ఇంత ప్రేమగా మాట్లాడటం ఈ రోజుల్లో అంత సులువు కాదు. నదుల్లో, సముద్రాల్లో, పశువుల కడుపుల్లో ప్లాస్టిక్ చేస్తున్న హాని మనకు తెలుసు. ఒకసారి వాడి పడేసే సంచుల మీద నాకున్న కోపం ఈ ఆట వల్ల తగ్గలేదు, పెరిగింది. ఆ హానికి మూలం ఆ పదార్థాన్ని మనం లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉందని నాకనిపిస్తుంది. అది ఎంతకాలం ఉంటుందో, ఎలా మారుతుందో, ఎక్కడికి పోతుందో అడగకుండా వాడేశాం. ఒక ప్లాస్టిక్ ముక్కను ఏళ్ల తరబడి చేత్తో పట్టుకుని, దాని మార్పును గమనించి, పోతే వెతికి తెచ్చుకునే మనిషికి పదార్థం పట్ల బాధ్యత దానంతటదే వస్తుంది. వాడిన ప్లాస్టిక్‌ను మళ్లీ కరిగించి డిస్కులు పోసే కంపెనీలు ఉన్నాయి. అలాంటివి ఇంకా పెరగాలని గట్టిగా కోరుకుంటాను.

ఎడ్ హెడ్రిక్ 2002లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం ఆయన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి జ్ఞాపక డిస్కులు పోశారు. మన పెద్దలు గోదావరిలోనో కృష్ణలోనో కలవాలని కోరుకున్నట్టే, ఆయన తన జీవితమంతా చేతిలో ఉన్న పదార్థంలో కలవాలని కోరుకున్నాడు. ఆటను ప్రేమించినవాడు ఆట పదార్థాన్ని ఎంత గౌరవించాడో దీన్ని బట్టి తెలుస్తుంది.

మట్టినీ కుండనూ పక్కపక్కన పెట్టి ఆలోచించడం మన దేశంలో కొత్త కాదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన ఉపదేశంలో మట్టి ముద్ద గురించిన మాట ఉంది. మట్టి ఏమిటో తెలిస్తే, మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే అంటాడు. ఆ మాటకు ఉన్న తాత్త్విక లోతును కొలిచే అర్హత నాకు ఉందని చెప్పను. కానీ చెరువు మట్టి కుండకూ, వాగు ఒడ్డు మట్టి కుండకూ తేడా తెలిసిన నాన్న మాటను దాని పక్కన పెట్టి చూస్తే నాకొకటి అనిపిస్తుంది. పదార్థమే ముఖ్యం, ఆకారం పైపైది అనడం కూడా సగం మాటే. ఆకారం పదార్థం మీద తొడిగిన చొక్కా కాదు. పదార్థం లోపలినుంచి బయటికి వచ్చేదే ఆకారం. అచ్చు ఒక ప్రతిపాదన చేస్తుంది. ప్లాస్టిక్ చల్లారుతూ దానికి మొదటి జవాబు చెబుతుంది. చెట్లూ రాళ్లూ తగిలినప్పుడు ఒక్కో దెబ్బకూ ఒక్కో జవాబు చెబుతూ పోతుంది. డిస్కు అంటే ఆ జవాబులన్నీ కలిసినది.

కొత్తగా ఆడాలనుకునే తెలుగు పిల్లలు ఇక్కడి పార్కుల్లో నన్ను అడుగుతూ ఉంటారు: "ఆంటీ, ఏ డిస్కు కొనమంటారు?" చాలామంది మెరిసే డెస్ట్రాయర్ వైపు వేలు చూపిస్తారు. నేను డీఎక్స్ లెపర్డ్ ఒకటి, బుట్టలోకి వేయడానికి వాడే ఏవియార్ అనే పుటర్ ఒకటి కొనమంటాను. అవి నిదానంగా పోతాయి కాబట్టి విసురులో తప్పెక్కడుందో చూపిస్తాయి. మెత్తగా ఉంటాయి కాబట్టి వేళ్లకు పట్టు నేర్పుతాయి. చవక కాబట్టి పోతుందన్న భయం లేకుండా విసరవచ్చు. వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఏడాది తిరిగేసరికి ఆ డిస్కు మారుతుంది, దాన్ని విసిరే చెయ్యి కూడా మారుతుంది. ఏ మార్పు తనదో, ఏది డిస్కుదో విడదీసి చూడటం నేర్చుకున్న రోజున ఆ పిల్లలు ఆటగాళ్లవుతారు. మారని ప్లాస్టిక్ అప్పుడు కొనుక్కోవచ్చు. దాని విలువ వాళ్లకు అప్పటికి తెలిసే ఉంటుంది.